బయట కూర్చుని గెలుపోటములు చెప్పే మా మరిది

మా మరిదికి వాలీబాల్ ఆట గురించి ఏమీ తెలియదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే బయట ఎవర్ని అడిగినా మీకు ఇంకోలా చెబుతారు. హైస్కూలు ఆడపిల్లల జట్లలో ఈ ఏడు ఏది ఫైనల్ దాకా పోతుందో, ఏది మధ్యలో రాలిపోతుందో తేల్చి చెప్పగలిగేది ఆయనొక్కడే అంటారు. తేల్చి చెప్పడం వరకూ నిజమే. అలా జరగడం జరగకపోవడం ఆడేవాళ్ళు చూసుకోవాలి.

మరిది బస్సు డ్రైవరు. మా వైపు రెండు హైస్కూళ్ళున్నాయి. రైలు గేటు పక్కనున్నది గేటు బడి. మిట్ట మీద, మెట్లెక్కి వెళ్ళాల్సింది మెట్ల బడి. ఆ రెండు జట్లకీ ఒకళ్ళ నీడ ఒకళ్ళకి గిట్టదు. కానీ రెండింటినీ ఆటలకి మోసుకుపోయే బస్సు ఒకటే, ఓ రోజు వీళ్ళు, ఓ రోజు వాళ్ళు. నడిపేది మా మరిదే. పిల్లల్ని ఆటల హాలు దగ్గర దింపుతాడు, బస్సు నీడలో పెట్టుకుంటాడు, గుడ్డ తీసుకుని అద్దాలు తుడుస్తూ కూర్చుంటాడు. ఆట అయ్యాక ఎక్కించుకుని వచ్చేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా హాల్లో కాలు పెట్టలేదు.

మరి ఎలా చెబుతాడంటారా? ఆయనగారి శాస్త్రమంతా డ్రైవరు నెత్తి మీదుండే అద్దంలో ఉంది. వెళ్ళేటప్పుడు గోల చేసే జట్టు గెలుస్తుంది. బూట్ల లేసులు విప్పి కట్టి, మళ్ళీ విప్పి కట్టే పిల్ల ఉందంటే ఆ జట్టు పని అయిపోయినట్టే. కెప్టెన్ కిటికీ సీటు కోసం పోట్లాడితే మంచి సూచన, పోనీలే అని వదిలేస్తే గుండె జారినట్టు. ఇవన్నీ అద్దంలో చూసి, మనసులో కూడి తీసేసి, డిపో ముందు టీ కొట్టు దగ్గర ఫలితం విడుదల చేస్తాడు. అక్కడి మెకానిక్ ఆయనకి 'వాతావరణం' అని పేరు పెట్టాడు. ఎండ కాస్తుందని రేడియోలో చెప్పిన రోజు మనం గొడుగు పట్టుకుని బయల్దేరమూ, అందుకని. మా మరిది ఆ పేరుని మెచ్చుకోలుగా తీసుకున్నాడు. వేళాకోళం చేసినట్టు మనమే విడమర్చి చెప్పాలి, లేకపోతే అందదు.

ఆయన మాట తప్పిన సందర్భాలు లేవు. అంటే, ఆయన ఒప్పుకున్నవి లేవు. ఒకసారి మెట్ల బడి గెలిచి తీరుతుందన్నాడు. చిత్తుగా ఓడింది.

"ఏమయ్యా, ఇదేంటి?" అన్నాను.

"ఓడారు వదినా, కాదనను. కానీ గెలవాల్సిన జట్టు ఎలా ఓడుతుందో అలా ఓడారు. తేడా ఉంది."

ఆ తేడా ఏమిటో నేను ఇప్పటికీ వెతుక్కుంటున్నాను. నేను మూడో తరగతితో బడికి దండం పెట్టినదాన్ని. చదువుకున్నవాళ్ళెవరైనా కనిపెడితే చెప్పండి.

ఇక మరిదికి ఒక్కగానొక్క కూతురు. ఇంట్లో పిడుగు అంటాం. వాతావరణానికి పిడుగు పుట్టడంలో వింతేముంది? గేటు బడి జట్టులో ఆడుతుంది. ఎగిరి కొట్టేవాళ్ళకి బంతిని ఎత్తి అందించే పని దానిది, సెట్టర్ అంటారట. నేనైతే వడ్డించే పని అంటాను. వడ్డించిన మనిషిని ఎవరూ తలుచుకోరు, తిన్నవాళ్ళ త్రేన్పులే వినిపిస్తాయి. కొట్టిన పిల్లకి చప్పట్లు, అందించిన పిల్లకి చెమట. అయినా మా పిడుగుకి ఆ పనే ఇష్టం.

జట్టులో చేరినప్పట్నుంచి అది తండ్రిని అడిగేది ఒక్కటే. "నాన్నా, ఒక్కసారి లోపలికొచ్చి నేను ఆడేది చూడవా?"

"బస్సు వదిలి ఎలా రానమ్మా? అద్దాలు పగలగొడతారు."

"ఎవరు? పిల్లల ఆట చూడ్డానికొచ్చిన తల్లులా?" అనేదాన్ని నేను.

అసలు కారణం అది కాదు. ఓ రోజు వాళ్ళమ్మ, నా తోడికోడలు, గట్టిగా నిలదీస్తే బయటపెట్టాడు. "చూస్తే నా మనసు పిల్ల వైపు మొగ్గుతుంది. మొగ్గితే నా మాటకి విలువేముంటుంది? రెండు బడులవాళ్ళూ నన్ను నమ్ముతున్నారు."

"పొద్దున్న లేస్తే మొహం చూసేది ఆ పిల్లదే. అప్పుడు మొగ్గరు కాబోలు?" అంది తోడికోడలు.

"అది ఇల్లు. ఇది వృత్తి."

బస్సు నడపడం కదటయ్యా నీ వృత్తి అని నేనంటే, వినిపించనట్టు లేచి వెళ్ళిపోయాడు.

ఈ ఏడు పిడుగు పదో తరగతి. ఇదయ్యాక కాలేజీ. ఆ గేటు బడి జెర్సీ మళ్ళీ ఒంటి మీదికి రాదు. అందుకని ఆటలు మొదలయ్యేటప్పుడే తండ్రిని పట్టుకుంది. "లీగు ఆటలయ్యాక నాలుగే జట్లు మిగులుతాయి కదా నాన్నా. మేం ఆ నాలుగింట్లో ఉంటే లోపలికొస్తావా?"

"ఉంటే చూద్దాంలే," అన్నాడు. ఎలాగూ ఉండరనుకున్నాడు మహానుభావుడు. ఉన్నారు. పైగా సెమీఫైనల్లో ఎవరితో పడింది? మెట్ల బడితోనే.

డిపో దగ్గర ఇక చూడండి. టీ కొట్టు బల్ల మీద జాగా లేదు. "అన్నా, ఏమంటావు, ఎవరు పోతారు ఫైనల్‌కి?" అని మెకానిక్ నూనె చేతులతోనే వచ్చి నిలబడ్డాడట. మా మరిది గ్లాసు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, "గేటు బడి ఔట్," అన్నాడట. "ఈ ఏడంతా అద్దంలో చూస్తున్నా. మెట్ల బడి పిల్లలు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా పాటలే. మా గేటు బడి పిల్లలా, పరీక్షకి పోతున్నట్టు మూతులు బిగించుకుని కూర్చుంటారు. అదురుతున్నారు. నా కూతురున్న జట్టే అయినా ఉన్నమాట చెప్పాలిగా."

ఆ 'నా కూతురున్న జట్టే అయినా' అన్న ముక్క చాలామందికి నచ్చింది. ఎంత నిజాయితీ, ఎంత నిజాయితీ అన్నారు. ఆ నిజాయితీ సాయంత్రానికల్లా గేటు బడి దాకా నడిచి వెళ్ళింది. పిడుగు ఇంటికొచ్చింది, సంచి మూలకి విసిరింది, తండ్రితో మాటలు మానేసింది.

నేను మేడ మీద ఆరిన బట్టలు మడత పెడుతుంటే వచ్చి పక్కన కూలబడింది. ఒక దుప్పటి చివర పట్టుకుంది కానీ మడవడం మర్చిపోయింది.

"పెద్దమ్మా, మేం భయపడి కాదు నోరు మూసుకుంది. నేనే మూసుకోమన్నా."

"ఎందుకే?"

"కిందటేడు నాన్న మేం ఓడతామన్నాడు. ఆ మాట తిరిగి తిరిగి మా వాళ్ళ చెవిన పడింది. సర్వీసు కొట్టే పిల్లకి చేతులు వణికాయి, నిజంగానే ఓడాం. అందుకని ఈ ఏడు బస్సులో ఎవ్వరూ మాట్లాడొద్దు, లేసులు ఇంటి దగ్గరే కట్టుకుని రండి, కిటికీ సీటు జోలికి పోవద్దు అన్నా. అద్దంలో ఏమీ కనిపించకపోతే ఏమీ చెప్పలేడు కదా అని."

ఎంత తెలివైన పిల్ల! అయితే తండ్రి ఏమీ కనిపించని చోట కూడా చూసేయగలడని దానికి తోచలేదు. నాకు నవ్వాగలేదు. నేను నవ్వేసరికి దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నవ్వు నువ్వు కూడా. ఇక ఆయన్ని రమ్మని అడగను. వచ్చి ఏం చూస్తాడు? మేం ఓడటం చూసి, నేను చెప్పలేదా అనడానికేగా."

"నేను చెబుతా ఉండు మీ నాన్నకి."

"చెప్పావంటే నీతో కూడా మాట్లాడను."

చెప్పనని మాటిచ్చాను.

ఆ వారమంతా మా ఇంట్లో భోజనాలు చూడాల్సిందే. "పెద్దమ్మా, నీళ్ళ జగ్గు ఇటు జరపమను," అనేది పిడుగు, జగ్గు పక్కనున్న తండ్రిని చూడకుండా. ఆయన జరిపేవాడు. "జరిపానని చెప్పు వదినా," అనేవాడు. ఆ ఇద్దరి మధ్యా నేను టెలిఫోను తీగనైపోయాను, ముద్ద నోట్లో పెట్టుకునే తీరిక లేదు.

పిల్ల చెయ్యి కడుక్కుని లేచిపోయాక మొదలుపెట్టేవాడు. "నాకేమైనా శత్రుత్వమా వదినా? కూతురని అబద్ధమాడనా?"

"ఇంట్లో క్షణం నోరు మూయదు కదా ఇది," అంది తోడికోడలు, "బస్సులో నోరు విప్పట్లేదంటే ఎందుకే అని ఒక్క మాట అడగాలని తోచలేదా మీకు?"

"అడిగితే సూచన చెడిపోతుంది."

తోడికోడలు గరిటె గిన్నెలో వేసిన చప్పుడు వీధి దాకా వినబడి ఉంటుంది. కానీ నేను మరిది మొహం చూశాను. బింకంగా అన్నాడే కానీ కంచంలో అన్నం అలాగే ఉంది. ఎరక్కపోయి ఇరుక్కున్నాడు. ఆట రోజు లోపలికి వెళ్ళాడా, వాతావరణం గాలి మార్చిందని డిపో అంతా ఎగతాళి. వెళ్ళలేదా, కూతురి చివరి ఆట గోడకి ఇవతలే అయిపోతుంది. ఇక పిల్ల అడగదు కూడా. అడిగినన్నాళ్ళూ కాదనడానికి వీలుండేది, ఇప్పుడు అదీ పోయింది.

సెమీఫైనల్ రోజు రానే వచ్చింది. ముందు మెట్ల బడి పిల్లల్ని దింపి వచ్చి, రెండో విడతలో గేటు బడి పిల్లల్ని ఎక్కించుకున్నాడు. నేనూ తోడికోడలూ ముందు సీట్లో కూర్చున్నాం. నిజంగానే ఒక్క పిల్ల నోరు విప్పలేదు. అందరివీ లేసులు బిగుతుగా కట్టి ఉన్నాయి. మరిది అద్దంలోకి చూస్తాడు, రోడ్డు చూస్తాడు, మళ్ళీ అద్దం చూస్తాడు. పిడుగు కిటికీలోంచి బయటికే చూస్తోంది.

హాలు దగ్గర పిల్లలు దిగి లోపలికి పోయారు. తోడికోడలు వాళ్ళ వెనకే వెళ్ళింది. మరిది గుడ్డ తీసి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవడం మొదలెట్టాడు.

చెప్పనని మాటిచ్చానన్నాను కదా. తప్పాను. ఈ వయసుకి మాట తప్పే హక్కయినా లేకపోతే ఇన్నాళ్ళు బతికి ఏం లాభం?

"వాళ్ళు భయపడుతున్నారన్నావే, నిజమేనయ్యా," అన్నాను.

"చూశావా మరి!"

"మెట్ల బడికి కాదు. నీకు. నీ అద్దానికీ, నీ నోటికీ." అని మొత్తం విడమర్చి చెప్పాను. చెప్పక తప్పని రోజు దాకా ఆగినందుకు నన్ను నేనే మెచ్చుకోవాలి.

గుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది. "కిందటేడు చేతులు వణికింది... నా మాటకా?" అన్నాడు.

"కాక నా మాటకా? నేనెప్పుడైనా టీ కొట్టు దగ్గర కూర్చున్నానా?"

లోపల ఈల వినబడింది, నేను వెళ్ళిపోయాను.

ఇక్కడ ఆ హాలు సంగతి కాస్త చెప్పాలి. కూర్చునే బల్లలు రెండు చివర్లా ఉంటాయి, ఒక్కో చివరా ఒక్కో తలుపు. ఏ పిల్లల తల్లిదండ్రులు ఆ పిల్లల వెనకాల కూర్చుంటారు. ఒక సెట్టు అయ్యాక జట్లు చివరలు మార్చుకుంటాయి. అప్పుడు ఈ తల్లిదండ్రులు కూడా సంచులు, సీసాలు, చంటిపిల్లల్ని ఎత్తుకుని గోడవారగా ఆ చివరికి పోతారు, వాళ్ళు ఈ చివరికి వస్తారు. ఎవరూ పెట్టిన రూలు కాదు. తమ పిల్లల వెనక తామే ఉండాలని పట్టుదల. మొదటిసారి చూసినవాళ్ళకి సంత కదిలినట్టుంటుంది.

ఆట మొదలైంది. కాసేపటికి తోడికోడలు నా మోచేతి మీద గిల్లింది. "అక్కా, అటు చూడు!"

అవతలి తలుపులోంచి మా మరిది. ఖాకీ చొక్కా, భుజం మీద అద్దాలు తుడిచే గుడ్డ. కనిపించిన తలుపులోంచి దూరి, కనిపించిన బల్ల మీద కూర్చున్నాడు. మెట్ల బడి వాళ్ళ మధ్య! వాళ్ళు ఊరుకుంటారా? "రండి రండి వాతావరణం గారూ" అని జరిగి చోటిచ్చారు. ఓ కళ్ళజోడాయన అయితే భుజం తట్టాడు.

అదే క్షణంలో పిడుగు వల మీదుగా చూసింది. ఇన్నేళ్ళు రమ్మంటే రాని తండ్రి వచ్చాడు, వచ్చి అవతలి జట్టు వైపు కూర్చున్నాడు. ఆ తర్వాత అది అందించిన బంతుల్లో ఒకటి కొట్టే పిల్ల తల మీదుగా పోయింది, ఒకటి వలలో పడింది. మొదటి సెట్టు మెట్ల బడి ఎగరేసుకుపోయింది.

నిజానికి ఆ సెట్టు పూర్తి కాకముందే మరిదికి తన తప్పు తెలిసింది. గేటు బడి వాళ్ళు మేం కూర్చున్న చివర ఉన్నారని గుర్తుపట్టాడు. లోపల్నుంచి దాటడం మర్యాద కాదనుకున్నాడు కాబోలు, బయటికి వెళ్ళి, హాలు చుట్టూ తిరిగి, మా తలుపులోంచి రొప్పుతూ వచ్చాడు. ఈలోపు సెట్టు అయిపోయింది, జట్లు మారాయి, మేమూ సంచులు పట్టుకుని ఆ చివరికి పోయాం. ఆయన వచ్చి ఖాళీగా ఉన్న మా బల్ల మీద కూర్చుని చెమట తుడుచుకుని తలెత్తేసరికి, చుట్టూ మళ్ళీ మెట్ల బడి వాళ్ళు. మళ్ళీ ఆ కళ్ళజోడాయనే.

"మా మీద ఎంత అభిమానమండీ మీకు!" అన్నాడట.

పిడుగు చూసింది. ఈసారి పూర్తిగా చూసింది. నాన్న అటూ ఇటూ వెతుక్కోవడం, మా కోసం చెయ్యి ఊపడం, మాది ఏ చివరో తెలియక గుడ్లప్పగించడం. దాని మొహం ముందు బిగుసుకుంది. తర్వాత పెదవి వణికింది. ఇక ఆపుకోలేక నడుం పట్టుకుని విరగబడి నవ్వింది. పక్క పిల్లకి చూపించి ఏదో అంది. ఆ పిల్ల ఇంకో పిల్లకి చెప్పింది. నెలల తరబడి నోరు కట్టేసుకున్న జట్టు ఒక్కసారిగా గొల్లుమంది. రిఫరీ ఈల వేసి కసురుకున్నాడు. ఆ నవ్వుతోనే ఆడారు. ఎంత గోల! బంతి అందుకుంటే అరుపు, వదిలేస్తే అరుపు. రెండో సెట్టు మాది.

మరిది చప్పట్లు కొట్టాడు. బంతి మా వైపు పడ్డప్పుడు కూడా కొట్టాడు, అది వేరే సంగతి. మెట్ల బడి వాళ్ళు తమకే అనుకుని సంతోషించారు.

మూడో సెట్టుకి ఇక తిరగలేక కదలకుండా కూర్చున్నాడు. జట్లు మారాయి, మేం అందరం ఆయనున్న చివరికే వెళ్ళాం. నేను పక్కన కూర్చుని, "దొరికావా మొత్తానికి," అన్నాను. ఆయన మెడ అటూ ఇటూ చాచి చూస్తున్నాడు.

"ఇదేంటి వదినా, వీపు తప్ప కనిపించట్లేదు?"

"మరి మనవాళ్ళు మన వైపుంటే వీపే కనిపిస్తుంది. అందరం అదే చూస్తాం."

మూడోదే ఆఖరి సెట్టు, అందులో సగంలోనే చివరలు మారతారు. మేం మళ్ళీ సంచులు సర్దుకున్నాం. "లేవయ్యా, మారాలి. ఈసారైనా మాతో రా."

"మీరు వెళ్ళండి వదినా. నేనిక్కడే ఉంటా."

"మెట్ల బడి వాళ్ళలోనా? డిపోలో ఏమంటారు?"

"ఏమన్నా అననీ. ఇక్కణ్ణుంచి మొహం కనిపిస్తుంది."

ఆఖరి మాట ఆయనకే వదిలేసి, సంచి ఎత్తుకుని నడిచాను. అలా జరగడం చాలా అరుదు.

ఓడాం. చివరిదాకా సమానంగా లాక్కొచ్చి, రెండు బంతుల తేడాతో ఓడాం. మా పిల్లలు కొందరు ఏడ్చారు, కొందరు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కళ్ళజోడాయన మరిది చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. "మీ మాటంటే మాటేనండీ! గేటు బడి ఔట్ అన్నారు, ఔట్!"

మరిది చెయ్యి లాక్కున్నాడు. "ఏం మాటండీ? అసలు ఆట చూశారా మీరు? అదురుతారని కదా నేను చెప్పింది. ఎక్కడ అదిరారు? నేను చెప్పింది శుద్ధ తప్పు. కావాలంటే డిపో దగ్గరికొచ్చి చెబుతా."

జీవితంలో ఒకే ఒక్క ఆట చూసిన మనిషి, ఏటా చూసేవాళ్ళతో 'ఆట చూశారా' అంటున్నాడు! అయినా వదిలేశాను. కొన్ని మాటలు ఆయన్నే అననివ్వాలి.

తిరుగు ప్రయాణంలో పిడుగు వెనక్కి పోలేదు. తండ్రి వెనక సీట్లో, నా పక్కన కూర్చుంది. నేనైతే ఈసారి టెలిఫోను తీగగా ఉండనని తేల్చుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఏ చివర కూర్చోవాలో కూడా తెలీదా నాన్నా?" అంది చివరికి.

"తెలిసే కూర్చున్నా. మొదటి రెండుసార్లూ తెలీదు, మూడోసారి తెలిసే."

"ఆట ఏమైనా అర్థమైందా?"

"ఎందుకు కాదు? నువ్వు నేల మీద పడి, ఒంటిచేత్తో బంతి లేపావే, అబ్బో!"

"అది నేను కాదు. వెనకాల పడే బంతుల్ని కాపాడే మా లిబెరో."

నేను కళ్ళు మూసుకునే నవ్వాను. మరిది అద్దంలో నన్ను ఉరిమి చూశాడని తర్వాత తోడికోడలు చెప్పింది.

"సరే, అది కాదులే," అన్నాడు. "ప్రతి బంతికీ ముందు నోట్లో ఏదో అనుకుంటావు కదా, పెదవులు కదులుతాయి. ఏంటది?"

నేను కళ్ళు తెరిచాను. ఆ సంగతి నాకు తెలియదు. ఇన్ని ఆటలకి వెళ్ళిన వాళ్ళమ్మకీ తెలియదు. మేమెప్పుడూ వీపు వెనకే కూర్చున్నాం.

"బంతి చూడలేదా నువ్వు?" అంది.

"బంతి గురించి నాకేం తెలుసమ్మా."

కిటికీ అద్దం సగం తీసింది, మళ్ళీ మూసింది. "ఏం లేదు. 'వేళ్ళు తెరువు, వేళ్ళు తెరువు' అనుకుంటా. బిగబట్టుకుంటే బంతి సరిగ్గా లేవదు."

"అంతేనా?"

"అంతే."

ఎర్ర లైటు దగ్గర బస్సు ఆగింది. మరిది స్టీరింగు మీదున్న రెండు చేతులూ ఎత్తి, వేళ్ళు విప్పి, ఇలాగా అన్నట్టు వెనక్కి తిరిగి చూపించాడు. పిడుగు ముందుకి వంగి ఆయన బొటనవేలు పట్టుకుని కాస్త పక్కకి జరిపింది. ఇంకా, ఇంకా అంది. పచ్చ లైటు ఎప్పుడో పడింది. వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతున్నాయి. ఆ తండ్రీకూతుళ్ళిద్దరికీ వినబడితే కదా. నేనే అరవాల్సొచ్చింది.